బాలప్ప గిటారు, నా నిద్ర

మా గల్లీలో అందరూ మేలుకుని ఉండే గంట ఒక్కటీ లేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి కాబట్టి మా గల్లీ కూడా మూడు షిఫ్టుల్లో నిద్రపోయేది. పొద్దున పదింటికి ఒకరింట్లో అర్ధరాత్రి, మధ్యాహ్నం రెండింటికి ఇంకొకరింట్లో తెల్లవారుజాము. కూరగాయల బండి వచ్చినా అరుపు ఉండేది కాదు, బండివాడు వంకాయలు చేత్తో ఎత్తి చూపించేవాడు. పిల్లలు గోలీలాటలో గుసగుసగా కొట్లాడుకునేవారు. ఇదంతా సంగమ్మ చట్టం. ఆ రేకుల ఇళ్లలో సగం ఆమెవే. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ మూడు షిఫ్టులు. పెళ్లి చేసుకోండి, కొట్టుకోండి, చావండి, సప్పుడు మాత్రం చేయకండి అనేది.

అలాంటి గల్లీలోకి తొంభై రెండులో బాలప్ప కరెంటు గిటారు తెచ్చాడు.

బాలప్పది మా పక్కిల్లు. మా రెండిళ్లకూ ఒకటే గోడ. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పొడి కొట్టే మిషను మీద అప్పటికి పదకొండేళ్లుగా పని. ఆ మిషను పక్కన మాటలు వినబడవు, పెదవులు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఆ ఏడు ఈఎస్ఐ ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేయించుకున్నాడు. ఎడమ చెవి పోయిందని, కుడి చెవి ఇంకో ఎనిమిదేళ్లో పదేళ్లో వస్తుందని డాక్టరు చెప్పాడు. పని మానేస్తే ఇంకొంచెం ఎక్కువ వస్తుందట. పని మానితే తినేదేమిటో డాక్టరు చెప్పలేదు.

ఇంకొకడైతే ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చునేవాడు. ఈయన సంగారెడ్డి బస్సెక్కాడు. అక్కడ పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు కీబోర్డు కొనుక్కుని గిటారు అమ్మేస్తుంటే తెచ్చుకున్నాడు. నలభై ఏళ్లొచ్చాక ఇదేం పిచ్చి అని గట్టిగానే అడిగాను.

"పదకొండేండ్ల సంది ఈ చెవుకు మిషన్ సప్పుడే పెట్టిన అన్నా. పోయేటిది ఎట్లైన పోతది. పోయేలోపల జెర మంచిది గూడ ఇనిపియ్యాలె గద. నా చేత్తోని" అన్నాడు.

చెవి ఏదో మంచాన పడ్డ ముసలి చుట్టమైనట్టు, దానికి ఇష్టమైంది వండిపెట్టాలన్నట్టు మాట్లాడాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నా పేరు కొమురయ్య, నా నిద్ర సంగతి ముందు ముందు చాలా వస్తుంది.

కరెంటు గిటారుకు ఆంప్లిఫయర్ లేకపోతే నోరు లేనట్టే. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద రేడియోలు బాగుచేసే రాజారావు ఒక ట్రాన్సిస్టర్ డబ్బా ఇచ్చాడు. చిన్నది, చవకది. బాలప్ప మర్నాడే తిరిగి ఇచ్చేశాడు. సన్న సౌండ్లు తన చెవికి ముందే పోయాయని, ఆ డబ్బాలో ఉన్నవన్నీ సన్నవేనని అన్నాడు. పాతకాలం వాల్వుల ఆంప్లిఫయర్ అయితే సౌండు లావుగా, గుండ్రంగా వస్తుంది, అది ఇంకా వినిపిస్తోంది. వాల్వులదే కావాలి. అది ఇంట్లో పెట్టుకునేంత మెల్లగానూ ఉండాలి.

సంగమ్మ పంచాయితీ పెట్టింది. నలుగురూ నాలుగు మాటలన్నాక ఆమె ఒక తీర్పు చెప్పింది. ఏ డబ్బా అయినా తెచ్చుకో. అది మోగుతుంటే కొమురయ్య లేవకపోతే ఉంటుంది, లేస్తే పోతుంది.

నన్నే ఎందుకు పెట్టారంటే గల్లీలో నా అంత పలచటి నిద్ర ఎవరికీ లేదు. లారీలు తూచే కాంటా దగ్గర ఎప్పుడూ నైట్ డ్యూటీ నాది. పొద్దున ఎనిమిదింటికి పడుకుంటే సాయంత్రం నాలుగింటికి లేవాలి. ఈలోపల పక్కింట్లో పప్పు పొంగినా లేచేవాణ్ణి. బాలప్పకు ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఉంటాడు. మూడు నుంచి నాలుగు అతని గిటారు గంట, నా నిద్రలో ఆఖరి గంట. ఇలాంటి పదవి వచ్చినందుకు అప్పట్లో కొంచెం పొంగిపోయాను కూడా.

మొదట వచ్చింది మైకులు అద్దెకిచ్చే యాదన్న వాల్వుల ఆంప్లిఫయర్, ముప్పై వాట్లది. నా నిద్ర చూడ్డానికి గల్లీలో మేలుకుని ఉన్నవాళ్లంతా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఏ మనిషైనా ఎలా పడుకుంటాడు? "దొంగ నిద్ర" అని ఒకడు, "అవును, కంటి రెప్ప అదురుతుంది" అని ఇంకొకడు. గంటన్నరకు ఎలాగో పట్టింది. బాలప్ప ఇంకా తీగ ముట్టలేదు, ఉత్త స్విచ్చి వేశాడంతే. ఆ గుయ్యిమనే మోతకే లారీ కాంటా ఎక్కిందనుకుని "బ్రేక్ వెయ్" అని అరుస్తూ లేచాను.

"ముప్పైల సగం పదిహేను. సప్పుడు గూడ సగమైతది" అన్నాడు బాలప్ప. ఊళ్లలో తెర కట్టి సినిమాలు చూపించే పాత వ్యాను ఒకటి మూలపడి ఉంటే, దాని ప్రొజెక్టరుది పదిహేను వాట్ల ఆంప్లిఫయర్ పట్టుకొచ్చాడు. ఆ రోజు నేను లేవడమే కాదు, మంచం మీంచి పడ్డాను. మోచెయ్యి వాచింది.

ఇద్దరం కలిసి రాజారావు మీదికి పోయాం. ఆయన టంకం వేస్తూ తల కూడా ఎత్తలేదు.

"సప్పుడు సగం గావాల్నంటే వాట్లు సగం జేస్తే సాలదు. పదో వంతు జెయ్యాలె."

"ఇదెక్కడి లెక్క? కిలో ఉల్లిగడ్డల సగం అరకిలో గాదా?" అన్నాడు బాలప్ప.

"ఉల్లిగడ్డకు ఒక లెక్క, చెవుకు ఒక లెక్క. నేను వెట్టిన లెక్క గాదది."

ముప్పైలో పదో వంతు మూడు. మూడు వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ ఎవరు చేస్తారు? చివరికి రాజారావు అటక మీంచి ఒక చెక్క రేడియో దిగింది. పాత వాల్వుల రేడియో, వెనకాల గ్రామఫోను తగిలించుకునే రెండు రంధ్రాలున్నాయి. వాటిలో గిటారు వైరు పెట్టారు. అది పలికినప్పుడు బాలప్ప ముఖం చూడాలి. దానికీ లేచాను నేను, కాకపోతే అరవలేదు. "కొద్దిగ లేచిండు" అని బాలప్ప బతిమాలాడు. "కొద్దిగ కడుపైతదారా ఎవలకన్న? లేచిండంటే లేచిండు" అంది సంగమ్మ.

మర్నాడు బాలప్ప ఎవరికీ చెప్పకుండా మూడింటి నుంచి గంటసేపు వాయించాడు. నేను లేవలేదు. ఆ రోజు ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారి కరెంటు లాగేసరికి మా గల్లీలో ఓల్టేజీ పడిపోయి, బల్బులో తీగ ఎర్రగా కనిపించేంత మాత్రమే మిగిలింది. ఆ కరెంటుకు రేడియో గొంతు తగ్గింది, ఇంకా చిక్కబడింది. ఇక బాలప్ప ఆలస్యం చేయలేదు, టీవీలకు పెట్టే స్టెబిలైజర్ ఒకటి రాజారావు ముందు పెట్టి దాన్ని తిరగేసి బిగించమన్నాడు.

"జిల్లా మొత్తం ఓల్టేజీ పెంచుమని నా పానం తింటున్నరు. తగ్గించుమన్నోనివి నువ్వొక్కనివే" అన్నాడు రాజారావు. అయినా బిగించాడు. దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. రెండు మీద పెడితే నా నిద్ర చెడలేదు.

సంగమ్మ పెద్దకొడుకు కాగితం రాశాడు, "కొమురయ్య లేవలేదు" అని. నన్ను సంతకం పెట్టమన్నారు. పడుకున్నవాడు తాను లేవలేదని సాక్ష్యం ఎలా చెబుతాడని నేను అడ్డం తిరిగాను. "లేస్తే నీకు తెలుస్తుండె. తెల్వలేదంటే లేవనట్టే" అంది సంగమ్మ. సంతకం పెట్టాను.

తొమ్మిదేళ్లు రోజూ మూడింటికి వాయించాడు. నిజం చెప్పాలంటే అతనికి చెయ్యి తిరగలేదు. తొమ్మిదేళ్లలో రెండున్నర పాటలు వచ్చాయి. ఆ సగం పాట దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగేవాడు. అయినా నాలుగింటికి నేను లేచి బయటికొచ్చేసరికి పెళ్లి భోజనం చేసినవాడిలా అరుగు మీద కూర్చుని ఉండేవాడు. నాకు కుళ్లుగా ఉండేది. నాకు అంత సంతోషం ఏ పనిలోనూ దొరకలేదు.

రెండువేల ఒకటి, జూన్‌లో ఒక మధ్యాహ్నం గోడ కూలిందనుకుని లేచాను. కూలలేదు. అలమారలో గిన్నెలు కొట్టుకుంటున్నాయి, రేకులు అదురుతున్నాయి. గిటారు. తొమ్మిదేళ్లలో మొదటిసారి. నాకు ఒళ్లు మండిపోయింది. లుంగీ బిగించి, ఒక్క కాలికే చెప్పుతో, తిట్టాల్సినవన్నీ నోటినిండా పెట్టుకుని పక్కింట్లోకి పోయాను.

బాలప్ప చాప మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. గిటారు చెక్కను దవడకు గట్టిగా ఆనించుకుని వాయిస్తున్నాడు. స్టెబిలైజర్ తొమ్మిది మీద ఉంది, రేడియో సౌండు బిళ్ల ఆఖరుదాకా తిరిగి ఉంది. గోడ పక్కన అతని భార్య దేవమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

తిట్లన్నీ మింగి వెనక్కి తిరిగాను.

బయట అప్పటికే జనం చేరారు. సంగమ్మ, ఆమె వెనకాల కళ్లు ఎర్రబడ్డ ఆరేడుగురు మగవాళ్లు. నేను గడప దాటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏం కొమురయ్యా, లేచినవా?" అంది సంగమ్మ. ఆ మోతలో అరిచి అడగాల్సి వచ్చింది.

"లేవలే" అని నేనూ అరిచాను.

"మరి గిక్కడ నిలబడ్డదెవరురా?" అన్నాడు పెద్దకొడుకు.

"నేను పండుకున్న. నిద్రల నడుస్తున్న. రోగమొచ్చింది, ఏం జెయ్యమంటవ్?"

ఒకడు నవ్వబోయాడు. సంగమ్మ నవ్వలేదు. నా ముఖం చూసింది, నా భుజం మీంచి లోపలికి చూసింది. స్టెబిలైజర్ మీది ఆ తొమ్మిది ఆమెకు కనిపించిందో లేదో కానీ, దవడకు ఆనించిన గిటారు కనిపించే ఉంటుంది.

"నడువుండ్రి. ఆయన లేవలేదట" అంది కొడుకులతో. వాళ్లు ఏదో అనబోతే, "కాగితం మీద గట్లనే రాసుకున్నం గదరా" అని ముందు తానే వెళ్లిపోయింది.

నేను లోపలికి పోయి బాలప్ప ఎదురుగా కూర్చున్నాను. చాప కదిలేసరికి కళ్లు తెరిచాడు. నన్ను చూసి చెయ్యి తీగల మీదే ఆగిపోయింది.

"అన్నా! లేచినవా? సప్పుడైతుందా?"

"దూపై నీళ్లకు లేచిన. నాకేం వినొస్తలేదు" అన్నాను, పెదవులు బాగా కదిపి.

నా పెదవుల వంకే చూశాడు.

"నాకు గూడ" అన్నాడు. "ఉగాది సంది. ఇయ్యాల ఆఖరుదాక తిప్పి సూసిన."

మరి ఇంకా ఎందుకు వాయిస్తున్నావని చేత్తో సైగ చేశాను. అతను నా చెయ్యి పట్టుకుని గిటారు చెక్క మీద పెట్టి, లావు తీగ ఒకటి మీటాడు. అరచేతిలోంచి మోచేతి దాకా అదురు పాకింది. ఆ సగం పాటే. ఆగే చోటే ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగయ్యేదాకా నేను చెయ్యి తియ్యలేదు.