బావ రాసిన నా ప్రేమ

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే రకం. ఉరవకొండలో నాలుగు చినుకులు రాలితే వరదొచ్చిందని ఊరంతా చెప్పొచ్చిన మనిషిని. మీకు నచ్చినంత తగ్గించుకుని చదవండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరికి నెట్ సెంటరు వచ్చింది. చాట్ రూముల్లో చేరిన మగవాళ్లను లెక్కపెట్టడం కంటే జిల్లాలోని వేరుశనక్కాయలను లెక్కపెట్టడం తేలిక. అందరూ ఇంగ్లీషులోనే సరసాలు. కరువు సీమ కదా, నీళ్లతో పాటు అక్షరాలనూ పొదుపు చేసేవాళ్లు. పలకరింపుకు రెండక్షరాలు, ప్రేమకు ఒకటి. అంతమందిలో గుంతకల్లు అమ్మాయి ఒకావిడ నాకొక్కడికే జవాబిచ్చేది. నా అందం చూసి కాదు. అది కనపడదు గనుకే బతికిపోయాను. నా ఇంగ్లీషు చూసి. నిండు వాక్యాలు, వాటికి కామాలు, చివర ఫుల్‌స్టాపులు.

ఆ ఇంగ్లీషు మా బావది. అక్క మొగుడు, హైస్కూల్లో ఇంగ్లీషు అయ్యవారు. పక్కన కుర్చీ వేసుకుని ఆయన చెప్పేవాడు, నేను టైపు కొట్టేవాణ్ణి. ఊరికే ఎట్లున్నావని అడుగుదామన్నా ఒప్పుకునేవాడు కాదు.

"కామా పెట్టనోనికి పిల్లనెవరిస్తారప్పా?"

ఆవిడ రాతలు ఇంకా గొప్పవి. తమరి సందేశం అందినదనీ, తమకిష్టమైన రంగు సత్వరం తెలియజేయవలసినదనీ అర్థం వచ్చే ఇంగ్లీషు. ఆ గాంభీర్యానికి నేను పడిపోయాను. బావ నాకంటే ముందే పడిపోయాడు.

చివరికి గుంతకల్లు స్టేషన్లో కలుద్దామనుకున్నాం. నోరు తెరిస్తే నా బండారం బయటపడుతుంది, ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఆ భయంతో బావను వెంటేసుకుపోయాను. ఆవిడ వాళ్ల మేనమామను తెచ్చుకుంది. రైల్వే ఆఫీసులో ఫైళ్లు రాసి రాసి రిటైరైన పెద్దమనిషి. ఇష్టమైన రంగు అడిగిన ఆ వాక్యాన్ని బావ మెచ్చుకోగానే, ఆవిడ బదులు ఆయన కాలరు సర్దుకున్నాడు. ఇన్నాళ్లూ సరసాలాడుకున్నది వీళ్లిద్దరా అనుకున్నాను. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని టీ కొట్టుకు పోయారు.

బెంచీ మీద మేమిద్దరమే మిగిలాం. ఆవిడ పట్టాల వైపు చూస్తూ అడిగింది.

"అన్నీ ఆయప్ప రాసినవేనా? నువ్వు రాసింది ఒగటన్నా ఉండాదా?"

"ఉండాది. బావ రాని దినం తెలుగులో కొట్టినా కదా, కరెంటు పోతాది, మళ్లీ వస్తా, నువ్వు పోవద్దు అని. అది నాదే."

"యాడికి పోతా, ఈడనే ఉంటా అని కొట్టింది నేను. మామకు చూపీలేదు."

అప్పుడొక గూడ్సు బండి వచ్చింది. దాని మొదటి పెట్టె అవతల డోను స్టేషను చేరినా చివరి పెట్టె ఇంకా గుంతకల్లు దాటలేదు. అదంతా పోయేదాకా ఆవిడ బెంచీ మీంచి లేవలేదు.

ఇందులో నేను కల్పించింది బండి పొడుగు అనుకుంటారేమో. కాదు, అది నిజంగానే పొడుగు. కల్పించింది నా జవాబు. ఆవిడ అడిగినప్పుడు నేను బావ కోసం టీ కొట్టు వైపు చూశాను. అది చూసి, "కరెంటు పోతాదని రాసింది నువ్వే కదా?" అని ఆవిడే అడిగింది. నేను తలూపాను, అంతే.

ఈ కాగితం చదివి, ఆ సంగతి దాచకుండా రాయమని ఇప్పుడు పక్కన నిలబడ్డదీ ఆవిడే.