గోడను అడగమంది అవ్వ

ఆ సాయంత్రం బెంగళూరు కాటన్‌పేటలో స్కూటర్‌ను ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాను. తప్పని తెలిసే ఎక్కించాను. బావమరిది బండి వాడికి అప్పగించి మదనపల్లె బస్సు పట్టుకోవాలి. రోడ్డు చూస్తే కదలడం లేదు, నాకేమో కాలు నిలవడం లేదు.

ఎదురుగా కర్ర పట్టుకుని ఒక అవ్వ వస్తోంది. హారన్ కొట్టి, నాకొచ్చిన కాస్త కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాను. కొంచెం సర్దుకోమని ఆ ఊళ్ళో అందరూ అనే మాటే.

నా యాస పట్టేసి ఆమె తెలుగులోనే అందుకుంది. "ఎట్ల సర్దుకునేదప్పా? ఈ పక్క గోడ ఉండాది, ఆ పక్క మురుగు మోరీ ఉండాది. గోడను అడుగు. అది జరిగితే నేనూ జరుగుతా."

పక్కనున్న బట్టల కొట్టాయన పకపకా నవ్వాడు. ఆయన భుజం మీద కొత్త శాలువా ఉంది. "అవ్వతో పెట్టుకోవాకండి సార్. మోకాలి ఆపరేషన్ అయినాక ఆమె బజారుకొచ్చింది ఈ పొద్దే. ఇట్లాంటోళ్ళు నడవాలనే ఫుట్‌పాత్ మీదుండే మా మూటలన్నీ లోపలికి జరుపుకొంటిమి. దానికే నడకదారుల సంఘమోళ్ళు ఈ శాలువా కప్పిరి."

మా ఊళ్ళో శాలువాలు నాయకులకే కప్పుతారు. నడిచేవాళ్ళకు దారి వదిలినందుకు కప్పడం అక్కడే చూశాను. ఆ దారిలోనే నేను హారన్ కొట్టాను.

"తప్పయిందవ్వా" అని ఇంజన్ ఆపి వెనక్కి నెట్టబోతే, నన్ను చూసి ఎక్కిన బండ్లు మరో రెండు వెనకే ఉన్నాయి. వాళ్ళు తిడుతున్నా బతిమాలి, ముందు వాటిని రోడ్డు మీదికి దింపించి, తర్వాత నాది దింపాను. అవ్వ నా వైపు చూడనైనా చూడకుండా నడిచిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా, ఇంకో బండి ఎక్కకుండా అక్కడే అడ్డంగా నిలబడ్డాను.