ఎంగిలి గాజు

"ఇది నోటితో ఊదినదే కదేటే?" అంది పెద్దమ్మ.

ఊఁ అన్నాను. దీపానికి గాలి తగలకుండా నేను చేసిన గాజు అడ్డు మీద వేసిన చెయ్యి ఠక్కున వెనక్కి తీసుకుంది. "అయితే ఎంగిలి. అమ్మోరి ఘటం మీద పెడితే ఊరుకోను."

ఘటాలు బయల్దేరే వేళయింది. మా రైల్వే క్వార్టర్ వరండాలో రెండు ఘటాలు పసుపు రాసి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి పెద్దమ్మ నెత్తికెత్తుకునేది, ఒకటి అమ్మది. రెండింటి పైనా ప్రమిదలు వెలుగుతున్నాయి. మలంచా పేట వైపు ఆకాశం నల్లబడింది. ఎండాకాలం సాయంత్రాలు మాకిక్కడ కాల్‌బైశాఖి గాలి చెప్పాపెట్టకుండా విరుచుకుపడుతుంది. అమ్మ ఆ మబ్బు వైపే చూస్తోంది.

కిందటేడు ఆ గాలికే అమ్మ దీపం ఆరిపోయింది. నెత్తి మీది దీపం మోసేవాళ్ళకి కనిపించదు కదా. చూసినవాళ్ళెవరూ చెప్పలేదు. ఆరిన దీపంతోనే అమ్మ గుడిదాకా నడిచింది. అక్కడ పదిమందిలో పెద్దమ్మే గట్టిగా అంది, ఈవిడ దీపం ఎప్పుడో ఆరింది అని. తర్వాత కొన్నాళ్ళకి నాన్న సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అంతే, రెండిటికీ ముడి పడిపోయింది. కాలు అతుక్కుంది కానీ అమ్మ భయం పోలేదు. ఏడాది పొడుగునా నిద్రలో ఉలిక్కిపడి లేచేది.

నేను ఇక్కడి ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గాజు ఊదే పని చేస్తాను. మంట ముందు గాజు గొట్టం తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంలోంచి ఊదుతూ, ఎవరో గీసిచ్చిన బొమ్మ ప్రకారం ప్రయోగాలకి ఫ్లాస్కులూ గొట్టాలూ చేసిపెడతాను. చెయ్యి తిరిగింది కానీ వాటిలో ఒక్కటీ నాదనిపించేది కాదు. ఖాళీ దొరికితే పువ్వులూ పక్షులూ చేసేదాన్ని. తిరునాళ్ళలో అమ్మే బొమ్మల్లా ఉన్నాయని నేనే పగలగొట్టేదాన్ని. సొంతంగా ఏదో చెయ్యాలని ఒకటే రంధి, ఏం చెయ్యాలో మాత్రం తోచదు.

ఒకరోజు వరండాలో పొయ్యి వెలిగిస్తూ, గాలి తగలకుండా అమ్మ రెండు చేతులూ మంట చుట్టూ అడ్డం పెట్టింది. అరచేతులు ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా వచ్చాయి, మధ్యలో సందుంది. గాలి రాదు, మంటకి ఊపిరాడుతుంది. నా ఒళ్ళు ఝల్లుమంది. నెత్తి మీద ఘటం ఉన్నప్పుడు అమ్మ ఈ చేతులు అడ్డం పెట్టలేదు కదా, వాటిని గాజులో చేస్తే? మొదటి రెండూ చల్లారుతూనే చిట్లిపోయాయి. మూడోది నిలిచింది; పెద్దమ్మ ఎంగిలన్నది దాన్నే. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు నా గాజు దీపాలు ప్రదర్శనల్లో పెడుతున్నారు, ఈ ఆకారం ఎక్కడ పట్టావని అడుగుతున్నారు. పట్టింది అక్కడే.

పెద్దమ్మతో వాదానికి దిగాను. "శంఖం నోటితో ఊదరేటి? మరి గుళ్ళోకి ఎలగ తెస్తారు?"

"ఊదిన శంఖంతో అమ్మోరికి నీళ్ళు పోస్తారేటే? అదేరు, ఇదేరు."

ఆవిడ చెప్పింది నిజమే. కోపం మాత్రం నషాళానికంటింది.

అమ్మ లేచి గాజు నా చేతిలోంచి తీసుకుంది. "దీని ఎంగిలి ముద్దలు నేను తిన్లేదేటక్కా? పిల్ల ఎంగిలి తల్లికి అంటదు. అమ్మోరూ తల్లే కదా." ప్రమిద చుట్టూ పరిచిన పసుపు బియ్యంలో గాజుని గుచ్చి నిలబెట్టింది. పెద్దమ్మ మొహం తిప్పుకుంది.

డప్పులు మొదలయ్యాయి. నేను నూనె సీసా, ఒత్తులు పట్టుకుని ఇద్దరి వెనకా నడిచాను. దారిలో అగ్గిపుల్ల గియ్యకూడదు. ఆరితే వెలుగుతున్న ఇంకో ఘటం నుంచే అంటించాలి. అడుగడుక్కీ అమ్మ అడుగుతోంది, "ఉందా?" ఉందమ్మా అంటున్నాను. టోటో రిక్షాలు రోడ్డు పక్కన ఆగిపోయాయి. దుమ్ము లేచింది. గాలి ఒక్క విసురు విసిరేసరికి పెద్దమ్మ దీపం ఆరిపోయింది.

"నాది ఉందా?" అంది పెద్దమ్మ. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. బాగా అయింది అనుకున్నాను, అబద్ధమెందుకు.

"అక్కది ఆరిందేటి?" అమ్మ నన్నడిగింది. నా మౌనంతోనే తెలిసిపోయింది. "అంటించు. గాజు తీసి ఆవిడికెట్టు."

"మరి నీది?"

"ఆ బయం ఎలగుంటదో నాకు తెలుసే. తియ్యి."

తీశాను. అమ్మ దీపంతో ఒత్తి అంటించి పెద్దమ్మ ప్రమిద వెలిగించి, గాజు దాని చుట్టూ నిలబెట్టాను. ఆవిడ వద్దనలేదు. మెడ మాత్రం బిగుసుకుంది.

గుడి పందిరి కనిపిస్తుండగా మళ్ళీ గాలి కొట్టింది. అమ్మ దీపం రెపరెపలాడి ఆరిపోయింది.

"ఉందా?" అంది అమ్మ.

నేను ఒత్తి తియ్యబోయాను. పక్కన నడుస్తున్న పెద్దమ్మ ఓరకంట చూసింది.

"ఉంది. నడు," అంది.

పందిట్లో పెద్దావిడ కనుక ముందు పెద్దమ్మ ఘటమే దించారు. దించీ దించగానే కాలుతున్న నా గాజుని ఒట్టి చేత్తో పట్టి లాగేసింది. మొహం చిట్లించింది కానీ కింద పడెయ్యలేదు. ఒత్తి అంటించుకుని, అమ్మ వెనకనున్న అరుగెక్కి, ఆరిన దీపం వెలిగించింది. అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

అప్పుడు దించాం అమ్మ ఘటం. వెలుగుతున్న దీపం చూసి అమ్మ భోరున ఏడ్చింది. "గాజు నేకుండానే నిలిసింది, సూసినావా!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

పెద్దమ్మ కాలిన వేళ్ళు కొంగులో దాచుకుని నావైపే చూస్తోంది.

"సూసినానమ్మా," అన్నాను.