ఫోన్ ఎత్తింది నేనే

తొమ్మిదేళ్లుగా ఒక మాటను లోపలే పెట్టుకుని బతుకుతున్నాను. అది బయటికి రాకుండా ఎన్ని మాటలు అడ్డం పెట్టానో నాకే తెలియదు. మీరెవరో కూడా నాకు తెలియదు. అదే మంచిదేమో. తెలిసినవాళ్ల ముందు చెప్పుకునేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే తనను కాస్త మెరుగ్గా చూపించుకుంటుంది. ఇక్కడ ఆ పని చేయకూడదనుకుంటున్నాను. చేస్తే మీరే పట్టుకోండి.

నా పేరు రాయను. మాది ప్రొద్దుటూరు. ఒక ఎముకల డాక్టరు గారి సొంత ఆస్పత్రిలో పదకొండేళ్లు ఆఫీసు పని చూశాను. ఉత్తరాలు, ఇన్సూరెన్సు కాగితాలు, హాజరు పుస్తకాలు, టెలిఫోను అన్నీ నావే. శాంత అక్కడ ఫిజియోథెరపిస్టు. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న బడిపంతులు. తాతల కాలంలో చర్చి బళ్లో చదువుకుని పైకొచ్చిన కుటుంబం. నాకంటే మూడేళ్లు చిన్నది. అక్కా అని పిలిచేది. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఇద్దరికీ ముప్పై దాటాయి.

ఊళ్లో నన్ను చూసిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. శాంతకు వేరే బాధ. నాలుగున్నరేళ్లు చదివి, ఆపరేషన్ అయిన కాళ్లను మళ్లీ నడిపించే ఆ పిల్లను రోగులు కాళ్లు పట్టే అమ్మి అనేవాళ్లు. నవ్వుతూనే అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

కెనడా సంగతి మొదట తెచ్చింది శాంతే. అక్కడ ఎవరూ ముందుగా ఉద్యోగం ఇస్తామని చెప్పనక్కర్లేదట. మన వయసు, చదువు, ఇంగ్లీషు, పనిచేసిన ఏళ్లు, వీటికే మార్కులు వేస్తారట. మార్కులు చాలితే వాళ్లే పిలుస్తారు, శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఎవరి సిఫార్సూ అవసరం లేని పని ఒకటి లోకంలో ఉందంటే మాకిద్దరికీ మొదట నమ్మకం కలగలేదు. తర్వాత ఎంత నమ్మామంటే, మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఏ ఊళ్లో ఉండాలి, ఎన్ని గదుల ఇల్లు చాలు అని మాట్లాడుకునేవాళ్లం. ఆమె జొన్నరొట్టె, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చేది. నేను పెరుగన్నం. సగం సగం పంచుకునేవాళ్లం.

ఇంగ్లీషు పరీక్షకు బెంగుళూరు వెళ్లాం. శాంతకు మొదటిసారే కావలసినన్ని మార్కులు వచ్చాయి. నాకు రాతపరీక్షలో అర మార్కు తగ్గింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ అదే అర మార్కు. నేను రాసిన వ్యాసాలు ఆమే దిద్దేది. ఓపికగా దిద్దేది. ఆ ఓపిక నాకు ఎప్పుడు కష్టంగా తోచడం మొదలైందో చెప్పలేను. కానీ ఒక మాట మాత్రం బాగా గుర్తుంది.

"నువ్వూ వస్తావులేక్కా. ముందు నేను పోయి ఇల్లు చూసి పెడతా."

ప్రేమతోనే అంది. అదే భరించలేకపోయాను. నా కల ఆమెది అయిపోయింది. నేను ఆ ఇంటికి ఎప్పుడో వచ్చే చుట్టాన్ని అయ్యాను. ఇలా అనుకోవడం తప్పని అప్పుడే తెలుసా? తెలుసు. తెలిసీ అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆమెకు పిలుపు వచ్చింది. పనిచేసిన చోటు నుంచి ఉత్తరం కావాలి. ఏం పని చేస్తుంది, వారానికి ఎన్ని గంటలు, ఎన్నేళ్ల నుంచి, అన్నీ ఉండాలి. మా ఆస్పత్రిలో జీతాలు కవర్లో పెట్టి చేతికిచ్చేవాళ్లు. బ్యాంకు రుజువు లేదు. కాబట్టి ఆ ఉత్తరమే ఆమెకు ఆధారం. టైపు చేసింది నేనే. వారానికి నలభై ఎనిమిది గంటలు, పూర్తికాలం ఉద్యోగం అని ఇంగ్లీషులో కొట్టింది ఈ వేళ్లే. డాక్టరు గారు చదివి సంతకం పెట్టారు. అక్కడైనా ఆ పిల్ల చదువుకు విలువ ఇస్తారులే అన్నారు.

రెండు నెలల తర్వాత ఆఫీసులో ఫోన్ మోగింది. డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉన్నారు. వీసా ఆఫీసు నుంచట. మర్యాదగా మాట్లాడే మగగొంతు. శాంతకుమారి మీ దగ్గర పనిచేస్తున్నారా అని అడిగాడు. అవునన్నాను. పూర్తికాలమా అని అడిగాడు.

ఇక్కడ నేను ఆగాను. ఎంతసేపు? మూడు సెకన్లు కూడా కాదు. ఎదుటి గదిలో శాంత ఒక ముసలాయన చేత మోకాలు వంచి చాపిస్తూ, ఒకటి, రెండు అని లెక్కపెట్టడం వినిపిస్తూనే ఉంది. లేదండీ, రోజూ రెండు మూడు గంటలు వస్తుంది, రోగులకు సాయం చేస్తుంది అన్నాను. పార్ట్ టైమా అని అడిగాడు. అవునన్నాను. థాంక్యూ అని పెట్టేశాడు.

చాలా ఏళ్లు నాకు నేను ఏం చెప్పుకున్నానో వినండి. ఆ ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదు, కంగారుపడ్డాను, నోరు జారింది అని. అబద్ధం. పూర్తికాలానికీ పార్ట్ టైముకూ తేడా తెలియక ఆ ఉత్తరం టైపు చేయలేదు. అర్థమైంది కాబట్టే ఆ జవాబు చెప్పాను. పది నిమిషాల తర్వాత శాంత చేతులు కడుక్కుని వచ్చింది. ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. ముద్ద మామూలుగానే దిగింది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

అంతటితో ఆగినా సర్దుకునే దారి ఉండేది. నెల తర్వాత ఆమెకు వాళ్ల దగ్గర నుంచి ఒక జాబు వచ్చింది. మీరిచ్చిన ఉత్తరానికీ, ఫలానా తేదీన ఆస్పత్రివాళ్లు ఫోన్‌లో చెప్పినదానికీ పొంతన లేదు, ముప్పై రోజుల్లో సమాధానం చెప్పుకోండి అని. అంటే తలుపు ఇంకా మూయలేదు. డాక్టరు గారు ఇంకో ఉత్తరం ఇచ్చి, హాజరు పుస్తకం నకళ్లు జతచేస్తే సరిపోయేది. శాంత ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయింది.

"ఎవరు ఎత్తినారోక్కా ఆ ఫోన్?"

"నాకు తెల్దు. ఆ పొద్దు నేను బ్యాంకుకు పోయింటి. సారే ఎత్తినట్టుండాడు."

"సార్ ఎందుకట్ల చెప్తాడు?"

"నువ్వు పోతే ఇంకొకరు దొరకరని ఏమో."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఎక్కడ దాచుకున్నానో నాకే తెలియదు. ఆమె, నువ్వే ఎట్లన్నా ఒప్పించి ఇంకో లెటరు ఇప్పియ్యిక్కా అని బతిమాలింది. సరేనన్నాను. డాక్టరు గారిది కోపిష్టి మనిషని అందరికీ భయం. నేనైతే ఆయనతో చనువుగా మాట్లాడతానని ఆమె నమ్మకం. మూడు రోజుల తర్వాత నేనే పిలిచి చెప్పాను.

"అడిగినా శాంతా. సంతకం పెట్టనన్నాడు."

"రిజిస్టరన్నా?"

"అదీ ఇయ్యనన్నాడు."

నేను అడగనే లేదు. హాజరు పుస్తకాలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. తాళం నా దగ్గరే ఉంది.

ఆమె ఏదో తనకు తోచింది రాసి పంపింది. దరఖాస్తు తిరస్కరించారు. తప్పుడు సమాచారం ఇచ్చిందని రాసి, ఐదేళ్లు మళ్లీ దరఖాస్తు చేయకూడదన్నారు. ఐదేళ్లంటే ఆ మార్కుల లెక్కలో వయసుకు వచ్చేవి కరిగిపోతాయి. శాంత మరుసటి వారమే ఉద్యోగం మానేసింది. డాక్టరు గారికి ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయింది. ఆయన నన్ను పిలిచి, నేనేమన్నా అన్నానామ్మా ఆ పిల్లను అని అడిగారు. ఇంట్లో ఏదో సమస్యంట సార్ అన్నాను. ఒకరి దగ్గర ఇంకొకరిని దోషిని చేసి, ఇద్దరి మధ్యా మంచిదాన్నిగా నేను మిగిలాను.

నేను మళ్లీ పరీక్ష రాయలేదు. పశ్చాత్తాపంతో అనుకోకండి. ఆమె వెళ్లకపోతే నాకూ వెళ్లాలనిపించలేదు, అంతే. అప్పుడు అర్థమైంది, నాకు కావలసింది ఆ దేశం కాదేమో, ఆమె నన్ను వదిలి వెళ్లకపోవడమేమో. అయినా వెళ్లిపోయింది. కెనడాకు కాదు, నా నుంచి.

డాక్టరు గారు పోయి రెండేళ్లు దాటింది. ఈ వేసవిలో ఆస్పత్రి భవనం ఖాళీ చేస్తుంటే ఆయన భార్య, మేము మేడం అనేవాళ్లం, నన్ను సాయానికి పిలిచారు. పాత కాగితాలు వేరు చేస్తూ ఆమె ఒక మాట అన్నారు. "ఆ శాంత కడచూపుకన్నా రాకపాయె. ఏం తప్పు చేసినానో అని ఆయన శానాసార్లు అనుకున్యాడు." ఆ మాట మామూలుగా అని, ఇంకో కట్ట విప్పారు. బతికున్నామెకు చేసింది ఒకటి. చనిపోయినాయన తనలో తాను తప్పు వెతుక్కుంటూ పోయారు. ఇది నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రోజే తేల్చుకున్నాను. ఇంకో వారం ఆగితే నాకు మళ్లీ ఏదో ఒక సాకు దొరుకుతుందని తెలుసు. శాంత పనిచేసిన ఆరేళ్ల హాజరు పుస్తకాలు మేడాన్ని అడిగి తీసుకున్నాను. జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాశాను. కోర్టు దగ్గర నోటరీ ముందు నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఆయన చదివి, ఇది ఇస్తే నీకే ఇబ్బందమ్మా అన్నాడు. ముద్ర వేయమన్నాను.

శాంత ఎక్కడుందో తెలియక ముందు జమ్మలమడుగు వెళ్లాను. వాళ్ల నాన్న నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశారు. కూతురు పులివెందులలో సొంతంగా క్లినిక్ పెట్టుకుందని చెప్పి అడ్రసు రాసిచ్చారు. లేచి వస్తుంటే, ఆ పొద్దు నువ్వొక్కదానివే మా పాప కోసం సారుతో కొట్లాడినావంట, మర్చిపోలేదమ్మా అన్నారు. చేతులు జోడించారు. అక్కడే చెప్పేయాలనిపించింది. కానీ ముందు ఆమెకే చెప్పాలి. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేదాకా ఆ జోడించిన చేతులే కనిపించాయి.

మందుల షాపు పైన రెండు గదులు. పక్షవాతం వచ్చిన ఒక చీనీ బత్తాయి తోటల రైతును శాంత పట్టుకుని నడిపిస్తోంది. చెంపల దగ్గర నెరిసింది. నన్ను చూసి నవ్వింది. తొమ్మిదేళ్ల తర్వాత కూడా మొదట నవ్వింది. ఆ రైతు వెళ్లాక తలుపు వేసి, నిలబడే చెప్పాను. ఫోన్ ఎత్తింది నేను. పార్ట్ టైమని చెప్పింది నేను. సారును అడగలేదు. రిజిస్టర్లు అప్పుడు నా దగ్గరే ఉన్నాయి. నేను తప్ప ఇందులో ఎవరూ లేరు. ఇంటి దగ్గర ఎన్నోసార్లు అనుకున్న కారణాలేవీ చెప్పలేదు.

ఆమె నేను అనుకోని ప్రశ్న అడిగింది.

"సారును అడగనే లేదా?"

"లేదు."

"ఇన్నేండ్లు ఆ మనిషిని తిట్టుకుంటి. ప్రార్థనలో గూడా క్షమించలేకపోతి."

నేను సంచిలోంచి పుస్తకాలు, నోటరీ కాగితం తీసి బల్లమీద పెట్టాను. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందా అని బస్సులోనే తేల్చుకున్నాను, లేదు. ఆమె కాగితం చదివింది. నా సంతకం దగ్గర వేలు ఆపింది. ఈడ పెట్టి పో అంది. వచ్చేశాను.

మరునాడు ప్రొద్దుటూరులో మేడాన్ని కలిసి ఆమెకూ చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ బయటికి రాలేదు. కాసేపు హాల్లో కూర్చుని, నేనే తలుపు దగ్గరగా వేసి వచ్చాను. జమ్మలమడుగులో పెద్దాయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

తొమ్మిదో రోజు శాంత ఫోన్ చేసింది. గొంతు ఆఫీసు గొంతులా ఉంది.

"లాయరును అడిగినా. నా రికార్డులో మోసం అని ఉండేది తీసెయ్యమని అర్జీ పెడతాండా. తీసేస్తారో లేదో తెల్దు. మీరు ఇంకో రెండు కాగితాల మీద సంతకం పెట్టల్ల. సోమవారం రండి."

మళ్లీ అక్కడికి వెళ్లాలనా అని అడిగాను. ఈ వయసులో యాడికీ పోను, నా పేరు మీద అబద్ధం ఉండగూడదు, అంతే అంది. సోమవారం వస్తానని చెప్పాను. అవసరమైతే ఎవరి ముందైనా, ఎన్నిసార్లైనా చెబుతానన్నాను. సరేనండి అని ఫోన్ పెట్టేసింది.

ఒక్కసారి కూడా అక్కా అనలేదు. అనదు కూడా. కానీ ఆ రోజు నుంచి టెలిఫోను మోగితే వెంటనే వెళ్లి ఎత్తుతున్నాను. రేపే సోమవారం. పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరుతున్నాను.