చేతి మీద తెల్ల తువ్వాలు

కైరోలో మా అమ్మమ్మ ఇన్షిరాహ్ కెమెరా పట్టుకుని నిలబడ్డాక ఏ మహాసభా ఖాళీగా జరగలేదు. ఆవిడ తలచుకుంటే ఎడారిలో మూడు ఒంటెల్ని కూర్చోబెట్టి అంతర్జాతీయ సదస్సు తీయగలదు. ఇలాంటి ఫోటోగ్రాఫరు భూమ్మీద ఇంకొకరు పుట్టలేదని నేను ప్రమాణం చేస్తాను, సెకండరీ పరీక్ష రెండుసార్లు తప్పినవాడి ప్రమాణానికి విలువుంటే.

కిటుకు చిన్నదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రతినిధులు సగానికి పైగా పిరమిడ్ల వైపో బజారుకో జారుకుంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం ఉంటుంది. నిర్వాహకులు మిగిలినవాళ్లను ముందు వరసల్లోకి తోస్తారు. అప్పటికీ చాలకపోతే హోటల్లో టీలు అందించేవాళ్లకు కోట్లు తొడిగి కూర్చోబెడతారు. అమ్మమ్మ పక్కకు వంగి తలల సందుల్లోంచి తీస్తుంది. నలభై మంది నాలుగు వందలవుతారు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఇదే పని. మనిషి ఐదడుగులు కూడా ఉండదు కాబట్టి జనంలో కెమెరా ఒక్కటే నడిచొస్తున్నట్టుంటుంది.

మొన్న వసంతంలో కైరోలోనే నస్ర్ సిటీ పేటలో దంతవైద్యుల మహాసభ మూడు రోజులు జరిగింది. రెండో రోజు భోజనాలయ్యేసరికి హాలు బోసిపోయింది. నిర్వాహకుడు రఊఫ్ వంటింటి వైపు పరుగెత్తి ఎనిమిది మందిని పట్టుకొచ్చాడు. అందులో బయూమీ ఒకడు. ఆ హోటల్లో ముప్ఫై ఏళ్లుగా టీ ఇస్తున్నాడు, పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. సభకు రాని ఒక ప్రొఫెసరు పేరు కార్డు తీసి రఊఫే అతని మెడలో వేశాడు. రఊఫే కోటు గుండీలు పెట్టాడు. భుజం పట్టి మూడో వరసలో కూలేశాడు. అమ్మమ్మ ఫోటో తీసింది. హాలు నిండిపోయింది.

మూడో రోజు పొద్దున సభ వార్తాపత్రికలో ఆ ఫోటో పెద్దదిగా వేశారు. మూడో వరసలో ప్రొఫెసరు బయూమీ గంభీరంగా వింటున్నాడు. మడిచిన ఎడమ చేతి మీద తెల్ల తువ్వాలు. కోటు తొడుగుతుంటే తువ్వాలు కుడి చేతికి మార్చుకుని, తొడగడం అయ్యాక మళ్లీ ఎడమ చేతి మీదే వేసుకున్నాడు పాపం. ముప్ఫై ఏళ్ల అలవాటు.

హోటలు మేనేజరు ఆ తువ్వాలు చూశాడు. పనివాడు అతిథి కుర్చీలో కూర్చోకూడదు, పైగా మెడలో పరాయి కార్డు. ఎవరు కూర్చోబెట్టారని రఊఫ్‌ని అడిగితే, ఆ మనిషెవరో తనకు తెలియదన్నాడు. ఎనిమిదింటికల్లా బయూమీ చేత యూనిఫాం విప్పించి ఇంటికి పంపేశారు.

అమ్మమ్మకు ఈ సంగతి టీ దగ్గర తెలిసింది. ఆవిడకు రెండు చెంచాల చక్కెర, పుదీనా రెండు రెమ్మలు అని బయూమీకి చెప్పక్కర్లేదు. ఆ రోజు టీ వేరే అతను ఇచ్చాడు, చప్పగా ఉంది. ఆరా తీసి, వార్తాపత్రిక తెరిచి, తువ్వాలు మీద వేలు పెట్టి చాలాసేపు చూసిందట. తన కన్ను ఆ గుడ్డను ఎలా వదిలేసిందో ఆవిడకు అర్థం కాలేదు. ముందు తన మీదే మండిపడింది. తర్వాత నేరుగా రఊఫ్ దగ్గరికి వెళ్లింది.

"రఊఫ్ బంగారం," అంది. ఇంట్లో ఎవరినైనా ఆవిడ బంగారం అంటే మేం పక్క గదిలోకి తప్పుకుంటాం. "ఆ కార్డు అతని మెడలో వేసింది నువ్వే కదా. వెళ్లి మేనేజరుకు చెప్పు."

"ఆ ముసలాడి గొడవ మనకెందుకు మేడమ్? మీ పని మీరు చూసుకోండి. ఫోటోలు తీయండి."

"తీశాను బంగారం. అది చెప్పడానికే వచ్చాను."

అసలు ఫోటోకు ముందు వెలుతురు సరిచూసుకోవడానికి ఆవిడ పదీ పదిహేను ఫోటోలు ఊరికే తీస్తుంది. ఎవరూ అడగరు, ఆవిడ చెరపదు. ముందురోజువాటిలో ఉన్నది రఊఫే. అవి బయటపెడితే మీరు కైరోలో ఇంకో సభ గడప తొక్కలేరని రఊఫ్ నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హాలు గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంటుంది. ముందురోజు ఫోటోలు దానికి గుచ్చితే ప్రతినిధులు ఎవరి మొహం వాళ్లు వెతుక్కుని పట్టుకెళ్తారు. అమ్మమ్మ ఆ మొహాలన్నీ పీకేసి మూడే ఫోటోలు గుచ్చింది: కార్డు వేస్తున్న రఊఫ్, గుండీలు పెడుతున్న రఊఫ్, భుజం పట్టి కూలేస్తున్న రఊఫ్. కింద తన కోడిగీతల్లో రాసింది: "ఇతను బయూమీ. మీకు టీ ఇచ్చినవాడు. ఈ పొద్దున పని పోయింది. కూర్చోబెట్టినవాడు పక్కనే ఉన్నాడు, చూసుకోండి."

జనం మూగారు. తంతా పట్నం నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరమ్మ బోర్డు చదివి, బయూమీ తిరిగొచ్చేదాకా తను పళ్లు చూపించనంది. ముగింపు ఫోటోకు ఆరువందల మంది దంతవైద్యులు మెట్ల మీద నోళ్లు బిగించుకుని నిలబడ్డారు. మేనేజరు అరగంట చూసి కారు పంపించాడు. బయూమీ వచ్చాడు, తువ్వాలుతో సహా. అప్పుడు అందరూ నవ్వారు.

ఆ ఫోటో మాత్రం అమ్మమ్మ తీయలేదు. అప్పటికే రఊఫ్ ఆవిడ మెడలోని అనుమతి కార్డు లాగేసుకుని ఇంకొకర్ని పిలిపించాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆరు నెలలైంది, ఏ సభకూ పిలుపు లేదు. మా వీధిలోనే పాస్‌పోర్టు ఫోటోలు తీస్తోంది. ఆవిడ ముందు కూర్చున్న ప్రతివాడూ ఫోటోలో దొంగలా బిక్కచచ్చిపోయి పడుతున్నాడు.

పోయిన శుక్రవారం బయూమీ బస్బూసా మిఠాయి పట్టుకొచ్చి, మా వంటింట్లోనే పుదీనా టీ కాచి ఇచ్చాడు. అది తాగాక అమ్మమ్మ కోపం చల్లారింది.

ఇంతవరకు రాసి ఆవిడకు చదివి వినిపించాను. మొలోఖియా ఆకు తరుగుతున్నదల్లా కత్తి ఆపింది.

"చల్లారిందని నీకెవడు చెప్పాడు బంగారం? చల్లారలేదు. ఆ ముక్క కొట్టెయ్."