అధ్యక్షుడి కథ విని అన్నం తిన్న మా బావ

మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, రూవి బజారులో చాయ్ తాగుతుంటే హోటల్ టీవీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా అధ్యక్షుడు నవ్వుతూ కనిపించాడు. పక్కనున్న కుర్రాళ్లకు ఆయనెవరో పట్టలేదు కానీ, నాకు మాత్రం ఘాలాలోని మా పాత రూము, అందులో గోడవైపు తిరిగి పడుకున్న మా బావ గుర్తుకొచ్చారు.

బావ అంటే మా అక్క భర్త, జగిత్యాల నుంచి నన్ను ఇక్కడికి తీసుకొచ్చిన మనిషి. సైట్‌లో పరంజా మీద నుంచి పడి నడుము దెబ్బతింటే, ఆస్పత్రి నుంచి వచ్చేనాటికి కాళ్లు చచ్చుబడ్డాయి. కంపెనీ ఇంటికి పంపుతానంటే, అక్కకు బరువై బతకలేనని అన్నం మానేశాడు. కాళ్లు లేనివాడికి గల్ఫ్‌లో పనేమిటని మేమూ అనుకున్నాం.

అప్పుడు మా సైట్ ఇంజనీరు, గోదావరి జిల్లా ఆయన, వచ్చి మంచం పక్కన కూర్చుని ఆ అధ్యక్షుడి కథ ఎత్తుకున్నారు. నడివయసులో పోలియో వచ్చి కాళ్లు పడిపోతే, ఇక ఆయన పని అయిపోయిందని లోకం అనుకుందట. ఆయనేమో ఇనుప పట్టీలు బిగించుకుని నిలబడి, పనుల్లేక అల్లాడే దేశానికి అధ్యక్షుడై, రేడియోలో ఇంటిమనిషిలా ధైర్యం చెప్పి, చక్రాల కుర్చీలోంచే యుద్ధం నడిపి, గెలుపు పూర్తిగా చూడకుండానే కన్నుమూశాడట. జపాను మూలాలున్న తన ప్రజలనే నిర్బంధ శిబిరాల్లో పెట్టించిన మచ్చను కూడా ఇంజనీరు గారు దాచలేదు.

అంతా విని బావ ఇటు తిరిగాడు.

“ఆయనకు దేశమిచ్చిండ్రు సార్. నాకు డ్యూటీ ఎవరిస్తరు?”

“నేనడుగుతానయ్యా. ముందు నువ్వు అన్నం తిను.”

బావ లేచి కూర్చుని తిన్నాడు. ఇంజనీరు గారు మేనేజరుతో పోట్లాడినంత పని చేసి స్టోర్ బాధ్యత ఇప్పించారు. మేము స్టోర్ గడప కొట్టేసి సిమెంటుతో వాలు కట్టాం. ఏళ్ల తరబడి బావ అక్కడ చక్రాల కుర్చీలో కూర్చుని పనిముట్లు ఇస్తూ, తిరిగి తీసుకుంటూ, కూతురి పెళ్లి చేసి, తనంతట తానే చాలనుకున్నాక ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు సైట్‌లో నడుముకు తాళ్లు, తలకు టోపీలు వచ్చాయి, పడేవాళ్లు తగ్గారు, అది మంచిదే. పడినవాణ్ణి మాత్రం తోటివాళ్లు చూసేలోపే విమానం ఎక్కిస్తారు. వాడి మంచం పక్కన కూర్చుని, నీకేం కావాలయ్యా అని అడిగే తీరిక ఇప్పుడు ఎవరికుంది?