ఘాటు లేని పొడి

పెదకాకానిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే పానకాలుకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా రాళ్ళకు నునుపు పెట్టడం. ఆ పిచ్చి 1999 వేసవిలో ఒక లారీ టైరు కింద పట్టుకుంది.

హుస్సేన్ సాహెబ్ గుంటూరు నుంచి తమిళనాడుకు మిరపకాయల లోడు తోలే డ్రైవరు. డైనమో కాలిపోయి పానకాలు షాపు ముందు బండి ఆపాడు. వెనక టైరుకు ఒక రాయి అడ్డం పెట్టాడు. ఆ రాయి పగిలిన వైపు పానకాలు కంటపడింది. తేనెపట్టును కోసి అతికించినట్టు చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడి మధ్యలో ఒక్కో నక్షత్రం.

"ఎక్కడిది సాయిబూ ఈ రాయి?"

"తమిళనాట ఏదో సున్నపురాయి క్వారీ కాడ తీసుకున్నా. టైరు జారకుండా బాగా పట్టుద్ది."

"నాకిచ్చెయ్."

"ఇచ్చేసి? బండికి నిన్ను అడ్డం పెట్టుకోనా?"

నవ్వుతూనే ఇచ్చాడు. తరువాత ట్రిప్పుల్లో అడక్కుండానే గోనెసంచీలో పోసుకొచ్చి షాపు ముందు దింపేవాడు.

అదేమిటో చెప్పింది బాపయ్య మాస్టారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, మోటారు బాగు చేయించుకోవడానికి వచ్చాడు. రాయిని తడిపి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "ఇది పగడపు పురుగుల గూడయ్యా. ఒకప్పుడు సముద్రంలో పెరిగింది. పురుగు చచ్చాక గూటి సందుల్లోకి నీళ్ళతోపాటు చెకుముకిరాతి సరుకు చేరింది. రవ్వ రవ్వా పేరుకుని గూడంతా రాయైంది. నునుపు పెట్టావంటే గాజులా మెరుస్తుంది" అన్నాడు. ఎలా పెట్టాలో కూడా ఒక కాగితం మీద గీసి ఇచ్చాడు.

పాత గ్రైండరు మోటారు, పాత ఇనుప డ్రమ్ము, డ్రమ్ము లోపల మెత్తగా ఉండటానికి ట్రాక్టరు ట్యూబు ముక్కలు. అందులో రాళ్ళు, నీళ్ళు, రాయిని అరగదీసే కార్బొరండం పొడి పోసి మూత బిగించాలి. నిమిషానికి ముప్పై చుట్లు, పది రోజులు ఆగకుండా తిరగాలి. తరువాత కడిగి, ఇంకా సన్నపొడి వేసి మళ్ళీ తిప్పాలి. చివర్లో అద్దాల షాపువాళ్ళు వాడే ఎర్రపొడి. ఒక వాయి రాళ్ళు దిగడానికి నెల పైన పట్టేది. డ్రమ్ము గరగర ఆగితే ఇరుగుపొరుగు కరెంటు పోయిందనుకునేవాళ్ళు.

పానకాలు ఆ రాళ్ళను అమ్మలేదు. మోటారు బాగు చేయించుకున్న రైతుకు ఒకటి, పెళ్ళికి పిలిచిన ఇంటికి ఒకటి ఇచ్చేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో టీవీ పెట్టె మీద ఒక నక్షత్రాల రాయి ఉండేది.

చిక్కు వచ్చింది డ్రమ్ములోంచి దిగే బురదతో. మొదట్లో దాన్ని మురిక్కాలవలో పోశాడు. అది కాలవ అడుగున గట్టిగా బిగుసుకుపోయింది. పక్కింటి అంకమ్మ వీధిలోకి వచ్చి అరిచింది.

"ఏమయ్యా పానకాలూ, పంచాయతీ వాళ్ళు వెయ్యని సిమెంటు నువ్వు వేస్తన్నావా? మా ఇంట్లోకి నీళ్ళు ఎగదన్నుతున్నాయి!"

ఆ రోజు పానకాలు పెళ్ళాం కోటేశ్వరి ఒక ఉపాయం చెప్పింది. కోటేశ్వరి ఇరవై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళుతోంది. కారం కొట్టడం, గుడ్డలో జల్లించడం, పైన మిగిలిన గరుకును మళ్ళీ రోట్లో వేయడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతి పని.

"అంత ఖరీదు పొడి కాలవలో పోస్తావేందయ్యా? డాబా మీద ఎండబెట్టు. నేను జల్లించి పెడతా. గరుకు మళ్ళీ వాడుకో."

బురద ఎండి పెచ్చులు కట్టేది. పానకాలు రోకలితో నలగ్గొట్టేవాడు, కోటేశ్వరి పాత మంగళగిరి చీర ముక్కలో జల్లించేది. గాలికి పొడి లేచిపోకుండా చిన్న గది తలుపు, కిటికీ మూసి, ఫ్యాను కట్టేసి కూర్చునేవాళ్ళు. జల్లించడం అయ్యేసరికి కోటేశ్వరి కనురెప్పలు బూడిదరంగుకు తిరిగి ఉండేవి. ఆమె బయటికొచ్చి మొహం కడుక్కుని వంటకు కూర్చునేది.

మిరప పనిలో ఆమె మూతికి గుడ్డ కట్టకుండా ఏనాడూ కూర్చోలేదు. రాతిపొడికి కట్టలేదు. కట్టాలని పానకాలుకూ తోచలేదు. కారమైతే గుప్పెడు ఎగిరినా ఇల్లంతా తుమ్ములు. ఈ పొడికి వాసన లేదు, మంట లేదు. ఘాటు లేనిది ఏం చేస్తుందిలే అనుకున్నారు ఇద్దరూ.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. మిరప సీజనులో ఆ ఊళ్ళో దగ్గని వాళ్ళెవరు? మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా కూలీలంతా దగ్గుతారు, వానలు పడ్డాక ఊరుకుంటారు. కోటేశ్వరి దగ్గు వానలు పడ్డాక కూడా పోలేదు. ఈ ఏడు పత్తి దూది ఎక్కువగా ఎగిరిందన్నారు. మరుసటేడు కొత్తరకం కాయకు ఘాటెక్కువన్నారు. నీళ్ళ బిందెతో డాబా మెట్లు ఎక్కుతూ ఆమె సగంలో బిందె దించి నిలబడటం పానకాలు చూశాడు. వయసు మీద పడుతోందనుకున్నాడు. అప్పటికి ఆమెకు నలభై రెండు.

2005 శ్రావణంలో కూతురు సౌజన్య నరసరావుపేట నుంచి వచ్చింది. కాపురానికి వెళ్ళాక ఏడాదిపాటు తల్లిని చూడలేదు. బస్సు దిగి అన్నం తిన్నంతసేపూ తల్లినే చూసింది.

"ఇంత వానలో దగ్గేందమ్మా? మిరప యార్డులో పని కూడా లేదుగా ఇప్పుడు?"

"పాతికేళ్ళ కారమే, ఒక్కపూటలో పోద్దా?"

ఊళ్ళో డాక్టరు టీబీ కావచ్చని ఆరు నెలలు మందులు వాడించాడు. ఒళ్ళు ఇంకా తగ్గింది. దగ్గు తగ్గలేదు. ఆ ఆరు నెలలూ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. జల్లెడ పట్టేటప్పుడు ఆమె మధ్యమధ్యలో గోడకు ఆనుకునేది, మళ్ళీ వంగి పట్టేది. చివరికి సౌజన్య పోరు పెట్టగా 2007లో మొగుడూ పెళ్ళాలు గుంటూరులో ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్ళారు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుగుపెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు.

"మీదేం పనమ్మా?"

"మిరపకాయల తొడిమలు తీస్తానండి."

"మిరప ఘాటుకు దగ్గొస్తుంది, ఆయాసం వస్తుంది. ఫోటోలో ఇలా రవ్వలు చల్లినట్టు కనపడదు. రాతి పనికి వెళ్ళారా ఎప్పుడన్నా? క్వారీకి గానీ, కంకర మిల్లుకు గానీ, మార్కాపురం వైపు పలకల పనికి గానీ?"

"లేదండి. ఎప్పుడూ ఎల్లలా."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో పనంటే కూలికి వెళ్ళేది. ఇంట్లో జల్లించేది అంట్లు తోమడం లాంటిదే.

డాక్టరు చీటీ అందుకుని రాయడం మొదలుపెట్టాడు. రాతి పని అన్న మాట దగ్గరే పానకాలుకు డాబా మీద ఎండే పెచ్చులు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఇంటికి పోయి డ్రమ్ము తూకానికి వేసేయవచ్చు. విసుగొచ్చింది, మానేశానని చెప్పవచ్చు. కోటేశ్వరి మిరప యార్డునే తిట్టుకుంటూ మందులు మింగుతుంది. కానీ డాక్టరు రాసేది ఏ జబ్బుకు మందు?

"అయ్యా, రాతిపొడి మా ఇంట్లోనే ఉందండి."

డాక్టరు కలం ఆపాడు. పానకాలు అంతా చెప్పాడు. డ్రమ్ము, బురద, ఎండబెట్టడం, చీర ముక్క, మూసిన తలుపు.

"ఎన్నేళ్ళు?"

"ఏడేళ్ళండి. నెలకు మూడు నాలుగు సార్లు."

కోటేశ్వరి మొగుణ్ణి కాదు, డాక్టర్ని చూసింది. "ఆ పొడా? దానికి ఘాటే లేదు గదండీ!"

"అదేనమ్మా చిక్కు. ఘాటుంటే మూతికి గుడ్డ కట్టుకునేదానివి."

"మానేస్తే తగ్గుద్దాండి?" అన్నాడు పానకాలు.

"ఇవాళ్టినుంచే మానెయ్యాలి. లోపల చేరింది మాత్రం బయటికి రాదు. మానేసినా కొందరికి పెరుగుతూనే ఉంటుంది. మూణ్ణెల్లకోసారి తీసుకురండి." డాక్టరు ఇంకో చీటీ లాక్కున్నాడు. "జల్లెడ ఆవిడ పట్టింది. మరి పెచ్చులు నలగ్గొట్టిందెవరు?"

"నేనేనండి."

ఎక్స్‌రే గదిలో చొక్కా విప్పించారు. కోటేశ్వరి ఆ చొక్కా చేత్తో పట్టుకుని తలుపు అవతల నిలబడింది. చల్లటి పలక పానకాలు రొమ్ముకు తగిలింది.

"గట్టిగా గాలి పీల్చి ఆపండి" అన్నాడు ఎక్స్‌రే అబ్బాయి.

దగ్గొచ్చింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ దగ్గొచ్చింది.

తలుపు సందులోంచి కోటేశ్వరి గొంతు వినపడింది. "ఒక్కసారే పీల్చబాకయ్యా. మెల్లిగా పీల్చు. సగంలో లోపల గుచ్చుకుంటది చూడు, ఆడ ఆపు. నేనట్టాగే ఆపా."

పానకాలు మెల్లగా పీల్చాడు. ఆమె చెప్పిన చోటే గుచ్చుకుంది.